కర్రీ పాయింట్ నోటుపుస్తకంతో సంభావ్యతా విభాజనం కట్టడం ఎలా

ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినవాళ్ళకి ‘యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు’ అనే అధ్యాయం గుర్తుండే ఉంటుంది. చాలామంది రెండు సూత్రాలు బట్టీపట్టి, నాలుగు ముఖ్యమైన లెక్కలు చేసుకుని పరీక్ష గట్టెక్కేశారు. ఆ తర్వాత ఉద్యోగానికనో, డేటా సైన్స్ కోర్సుకనో బెంగళూరు వచ్చాక అదే అధ్యాయం ఇంగ్లీషులో మళ్ళీ ఎదురవుతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. రాండమ్ వేరియబుల్ అంటే అసలేంటి? ఆ పట్టికలో అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సగటు తెలిశాక మిగతావన్నీ దేనికి?

ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైంది. సగటు ఒక్కటే పట్టుకుని నిర్ణయం తీసుకుంటే డబ్బు పోతుంది. ఎలా పోతుందో ఒకే ఉదాహరణ మీద మెట్టుమెట్టుగా లెక్కవేసి చూద్దాం. పెన్ను, కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. చదువుతూ మీరూ లెక్క వెయ్యాలి, ఊరికే చదివితే ఈ పాఠం తలకెక్కదు.

బెంగళూరు మారతహళ్ళి సందుల్లో ఒక అక్క ఆంధ్రా కర్రీ పాయింట్ నడుపుతోందనుకోండి. పప్పు, సాంబారు, వేపుళ్ళు ఎలాగూ చెల్లిపోతాయి. తలనొప్పంతా రొయ్యల ఇగురుతోనే. పొద్దున్నే రొయ్యలు తెచ్చి, పార్సిల్‌కి ఒకటి చొప్పున ప్యాకెట్లు కట్టి, సాయంత్రం ఏడింటికల్లా వండి డబ్బాల్లో సర్దేస్తుంది. ఒక్కో డబ్బాకి ఖర్చు 140 రూపాయలు, అమ్మేది 220కి. మిగిలినవి మర్నాడు అమ్మదు, పారేస్తుంది. ఎన్ని డబ్బాలు వండాలి అన్నదే ప్రశ్న. ఈ అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే. మీ వీధిలో నిజమైన అంకెలు దొరికితే ఇంకా మంచిది, వాటితోనే చెయ్యండి.

మొదటి మెట్టు: ఏం లెక్కపెడుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

‘ఒక సాయంత్రం రొయ్యల ఇగురు కావాలని అడిగే పార్సిళ్ళ సంఖ్య.’ దీన్ని ఎక్స్ అనుకుందాం. పొద్దున్న రొయ్యలు తెచ్చేటప్పటికి దీని విలువ ఎవరికీ తెలియదు. రాత్రి షట్టర్ దించేసరికి ఒక అంకెగా తేలిపోతుంది. ఇలా ఆ రోజు జరిగిన దాన్నంతా ఒక అంకెగా మార్చే నియమమే యాదృచ్ఛిక చలరాశి. అదే సాయంత్రం మీద ఇంకో నియమం పెట్టుకోవచ్చు: వచ్చిన మనుషులెంతమంది, గల్లాపెట్టెలో పడ్డ రూపాయలెన్ని. సాయంత్రం ఒకటే, చలరాశులు వేరు. అందుకే ముందు వాక్యం రాసుకోమంటున్నాను. లెక్క తప్పేవాళ్ళలో చాలామంది సూత్రం దగ్గర తప్పరు, దేన్ని లెక్కపెడుతున్నారో తేల్చుకోకపోవడం దగ్గర తప్పుతారు.

పార్సిళ్ళు 0, 1, 2, 3 అలా ఉంటాయి, రెండున్నర పార్సిళ్ళు ఎవరూ అడగరు. విలువలు ఇలా విడివిడిగా ఉంటే అది విచ్ఛిన్న చలరాశి. ఆ రోజు వాడిన నూనె ఎన్ని లీటర్లు అంటే మాత్రం అది ఏ విలువైనా కావచ్చు, దాని దారి వేరు. మనకిక్కడ పని లేదు.

రెండో మెట్టు: నోటుపుస్తకం సరిగ్గా నింపండి

పుస్తకాల్లో ఈ మెట్టు ఉండదు, పట్టిక ఇచ్చేసే లెక్క మొదలుపెడతారు. బయట మాత్రం పట్టిక మనమే సంపాదించుకోవాలి. అందులో ఒక పెద్ద గొయ్యి ఉంది.

అక్క ఆ రోజు మూడు డబ్బాలు వండింది. ఎనిమిదింటికల్లా మూడూ పోయాయి. ఎనిమిదింబావుకి పక్క పీజీ కుర్రాడు వచ్చాడు.

‘అక్కా, రొయ్యలున్నాయా?’

‘అయిపోయాయి తమ్ముడూ, గుడ్డు పులుసు తీసుకుపో.’

రాత్రి నోటుపుస్తకంలో ఏం రాయాలి? అమ్మింది మూడే, అడిగింది నలుగురు. మనం పైన రాసుకున్న వాక్యం ‘అడిగే పార్సిళ్ళ సంఖ్య’. కాబట్టి 4 రాయాలి. అలా కాకుండా అమ్మినవే రాసుకుంటూ పోతే, మూడు వండిన రోజుల్లో మూడుకి మించిన అంకె పుస్తకంలో ఎప్పటికీ కనపడదు. చివరికి ‘మూడుకి మించి ఎవరూ అడగరు’ అని పుస్తకమే అబద్ధం చెబుతుంది. అందుకే లేదనిపించుకుని వెనక్కి వెళ్ళినవాళ్ళకి కూడా ఒక గీత గియ్యండి. దుకాణాలే కాదు, స్టాకు ఉన్న ప్రతి వ్యాపారంలోనూ ఈ జాగ్రత్త కావాలి.

మూడో మెట్టు: పట్టిక కట్టండి

50 సాయంత్రాలు ఇలా రాశారనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి ఒక్కొక్కరూ ఒక్క పార్సిలే అడుగుతారనుకుందాం. ఎన్ని సాయంత్రాలు ఎంతమంది అడిగారో విడగొడితే ఇలా వచ్చింది:

0 పార్సిళ్ళు: 3 సాయంత్రాలు, సంభావ్యత 0.06
1 పార్సిల్: 7 సాయంత్రాలు, సంభావ్యత 0.14
2 పార్సిళ్ళు: 13 సాయంత్రాలు, సంభావ్యత 0.26
3 పార్సిళ్ళు: 14 సాయంత్రాలు, సంభావ్యత 0.28
4 పార్సిళ్ళు: 8 సాయంత్రాలు, సంభావ్యత 0.16
5 పార్సిళ్ళు: 5 సాయంత్రాలు, సంభావ్యత 0.10

ప్రతి సంఖ్యనీ 50తో భాగించాం, అంతే. ఇదే సంభావ్యతా విభాజనం. ఇది కట్టిన వెంటనే రెండు తనిఖీలు చెయ్యండి. ఏ సంభావ్యతా 0 కన్నా తక్కువ ఉండకూడదు. అన్నీ కూడితే సరిగ్గా 1 రావాలి. పరీక్షలో పట్టికలో కె అనే తెలియని అంకె పెట్టి ‘కె విలువ కనుక్కోండి’ అని అడిగే లెక్కలన్నీ ఈ రెండో తనిఖీనే తిప్పి అడగడం. మొత్తాన్ని 1కి సమానం చేస్తే కె బయటికొస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ 50 సాయంత్రాల్లో ఒక్కరోజు కూడా ఆరు పార్సిళ్ళు అడగలేదు కాబట్టి పట్టికలో ఆరుకి 0 పడింది. అంతమాత్రాన ఆరు అసాధ్యం కాదు, మనం ఇంకా చూడలేదంతే. నోటుపుస్తకం నుంచి కట్టిన పట్టిక అసలు విభాజనానికి ఒక అంచనా మాత్రమే.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో వరస రాయండి: ‘కనీసం ఇంతమంది’ అడిగే సంభావ్యత. కనీసం ఒక్కరు అంటే 1 లోంచి 0.06 తీసేస్తే 0.94. కనీసం ఇద్దరు 0.80. కనీసం ముగ్గురు 0.54. కనీసం నలుగురు 0.26. కనీసం అయిదుగురు 0.10. ఈ వరస కాసేపట్లో బాగా పనికొస్తుంది.

నాలుగో మెట్టు: సగటు కట్టండి, కానీ అక్కడే ఆగిపోవద్దు

ప్రతి విలువనీ దాని సంభావ్యతతో గుణించి కూడండి.

0 × 0.06 + 1 × 0.14 + 2 × 0.26 + 3 × 0.28 + 4 × 0.16 + 5 × 0.10 = 2.64

ఇది మధ్యమం. దీన్నే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ అని కూడా అంటారు. ఈ ఆలోచనని మొదట పుస్తకంగా అచ్చువేసింది డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్, 1657లో. పాచికలాటలో ఒకడి చోటు కొనుక్కోవాలంటే ఎంత ఇస్తే న్యాయం అన్నది ఆయన ప్రశ్న. ఒక్క ఆటలో ఏం జరుగుతుందో ఈ అంకె చెప్పదు. అదే ఆట చాలాసార్లు ఆడితే ఒక్కో ఆటకి సగటున ఎంత పడుతుందో చెబుతుంది. ఏ సాయంత్రమూ 2.64 పార్సిళ్ళు అడగరు, అయినా ఆ అంకెకి అర్థం ఉంది.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. సగటు 2.64 కదా, దగ్గర్లో ఉన్న పూర్ణసంఖ్య 3, కాబట్టి మూడు డబ్బాలు వండేద్దామని దాదాపు అందరూ అంటారు. తొందరపడకండి. ఒక్కో డబ్బా గురించి విడిగా ఆలోచించండి.

మొదటి డబ్బా అమ్ముడవ్వాలంటే కనీసం ఒక్కరు అడగాలి, సంభావ్యత 0.94. దాన్నుంచి సగటున వచ్చేది 220 × 0.94 = 206.80 రూపాయలు. ఖర్చు 140. వండాల్సిందే.

రెండో డబ్బా పోవాలంటే కనీసం ఇద్దరు అడగాలి. 220 × 0.80 = 176. ఇదీ 140 కన్నా ఎక్కువే. వండాలి.

మూడో డబ్బా: 220 × 0.54 = 118.80. ఖర్చు 140. ఈ డబ్బా వండిన ప్రతిసారీ సగటున 21 రూపాయల 20 పైసలు నష్టం.

అంటే సరైన జవాబు రెండు. నమ్మకం కుదరకపోతే మొత్తం లాభం కట్టి చూడండి. రెండు వండితే సగటున అమ్ముడయ్యేవి 0.94 + 0.80 = 1.74. వచ్చే డబ్బు 382.80, ఖర్చు 280, మిగిలేది 102.80. మూడు వండితే అమ్ముడయ్యేవి 2.28, వచ్చే డబ్బు 501.60, ఖర్చు 420, మిగిలేది 81.60. నోటుపుస్తకం అదే, సగటు అదే, అయినా సగటుని నమ్మి మూడు వండితే రోజుకి 21 రూపాయలు పోతున్నాయి.

ఎందుకిలా? మిగిలిపోయిన డబ్బాకి నష్టం 140, అమ్ముడైన డబ్బాకి లాభం 80 మాత్రమే. రెండు వైపులా దెబ్బ సమానంగా లేదు. సగటుకి ఈ సంగతి తెలియదు, విభాజనం మొత్తం ముందుంటేనే తెలుస్తుంది. ఖర్చు 100కి తగ్గిందనుకోండి, అప్పుడు మూడో డబ్బా తెచ్చే 118.80 ఆ ఖర్చుని దాటుతుంది కాబట్టి జవాబు మూడుకి మారుతుంది. నాలుగో డబ్బా సంగతేంటో మీరే కట్టి చూడండి.

అయిదో మెట్టు: చెదురు ఎంతో చూడండి

విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె విస్తృతి, ఇంగ్లీషులో వేరియన్స్. అది కట్టడానికి దగ్గరిదారి ఇది: విలువల వర్గాలని సంభావ్యతలతో గుణించి కూడండి, అందులోంచి మధ్యమం వర్గం తీసెయ్యండి. మన పట్టికకి మొదటిది 8.76, రెండోది 2.64 × 2.64 = 6.9696. తేడా 1.7904. దాని వర్గమూలం సుమారు 1.34, ఇదే క్రమవిచలనం. మామూలు రోజుల్లో సగటుకి అటో ఇటో ఒకటి, ఒకటిన్నర పార్సిళ్ళ దూరంలో ఉంటుందని స్థూలంగా అనుకోవచ్చు. విస్తృతి రుణసంఖ్య వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశారు, వెనక్కి వెళ్ళండి. సాధారణంగా వర్గం చెయ్యడం మర్చిపోయి ఉంటారు.

ఆరో మెట్టు: పేరున్న విభాజనాలు వాడేముందు షరతులు చదవండి

ఇంతవరకు పట్టిక నోటుపుస్తకం నుంచి వచ్చింది. కొన్నిసార్లు పరిస్థితి స్వభావం నుంచే పట్టిక కట్టెయ్యొచ్చు. అందులో మొదటిది ద్విపద విభాజనం.

ఒక పీజీలో ఆరుగురు కుర్రాళ్ళు. శనివారం రాత్రి ఒక్కొక్కరూ పీజీలోనే భోంచేసే సంభావ్యత 0.7 అనుకుందాం. మిగతా 0.3 ఊరెళ్ళడమో, బయట తినడమో. సరిగ్గా నలుగురు తినే సంభావ్యత ఎంత?

ఆరుగురిలో తినే నలుగుర్ని ఎంచుకునే దారులు 15. ఒక్కో దారికి సంభావ్యత: 0.7ని నాలుగుసార్లు గుణిస్తే 0.2401, 0.3ని రెండుసార్లు గుణిస్తే 0.09, రెండిటి లబ్ధం 0.021609. దాన్ని 15తో గుణిస్తే 0.324. సూత్రమంతా ఇంతే: ఎన్ని దారులు, ఒక్కో దారికి ఎంత. అలాగే అయిదుగురికి 0.303, ఆరుగురికీ 0.118 వస్తుంది. మధ్యమం 6 × 0.7 = 4.2, విస్తృతి 6 × 0.7 × 0.3 = 1.26.

దీనికి షరతులున్నాయి. మనుషుల సంఖ్య ముందే తెలిసి ఉండాలి. ఒక్కొక్కరికీ తింటారు, తినరు అనే రెండే ఫలితాలుండాలి. అందరికీ ఒకే సంభావ్యత ఉండాలి. ఒకరి నిర్ణయం ఇంకొకరి మీద ఆధారపడకూడదు. మొదటి మూడూ ఎవరైనా చూసుకుంటారు. నాలుగోది మాత్రం చూడకుండానే దాటేస్తారు, లెక్క తలకిందులయ్యేదీ అక్కడే.

శుక్రవారం రాత్రి మడివాళ దగ్గర నెల్లూరు, ఒంగోలు, విజయవాడ బస్సులెక్కే కుర్రాళ్ళని చూడండి. ఒక్కడే వెళ్ళేవాడు తక్కువ. ‘ఈ వారం వెళ్తున్నావారా? అయితే నాక్కూడా ఒక సీటు బుక్ చెయ్యి.’ ఇదీ వరస. మన ఆరుగురూ మూడు జతలనుకోండి. జతలో ఒకడుంటే రెండోవాడూ ఉంటాడు, ఒకడు వెళ్తే ఇద్దరూ వెళ్తారు. ఒక్కో జత ఉండే సంభావ్యత అదే 0.7.

ఇప్పుడు పట్టిక కట్టండి. తినేవాళ్ళు 0, 2, 4, 6 మాత్రమే కావచ్చు. సంభావ్యతలు వరసగా 0.027, 0.189, 0.441, 0.343. కూడితే 1. మధ్యమం మళ్ళీ 4.2నే! విస్తృతి మాత్రం 2.52, సరిగ్గా రెట్టింపు. వంటమనిషి అయిదుగురికి సరిపడా వండితే అన్నం చాలకపోయే సంభావ్యత ద్విపద లెక్క ప్రకారం 0.118. జతల లెక్క ప్రకారం 0.343. అంటే ప్రతి మూడు శనివారాల్లో ఒకటి. సగటు చూసుకునేవాడికి ఈ రెండు పీజీల మధ్య తేడా ఏమీ కనపడదు. ఇక సంక్రాంతి శనివారమైతే 0.7 అనే అంకె కూడా చెల్లదు, పీజీ మొత్తం సొంతూళ్ళల్లోనే ఉంటుంది.

ఏడో మెట్టు: పాయిజాన్‌కి సరిపోతుందో లేదో పరీక్షించండి

ఎంతమందిలోంచి వస్తారో తెలియదు, వచ్చే అవకాశం ఒక్కొక్కరికీ చాలా తక్కువ, కానీ సగటున ఎన్ని జరుగుతాయో తెలుసు. అలాంటప్పుడు పాయిజాన్ విభాజనం అక్కరకొస్తుంది. ఫ్రెంచ్ గణితవేత్త సిమియోన్ పాయిజాన్ 1837లో దీన్ని ప్రచురించాడు. జనానికి బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ మాత్రం 1898లో గణాంకవేత్త లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ ఇచ్చాడు. ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క అది. పది దళాలు, 1875 నుంచి 1894 వరకు ఇరవై ఏళ్ళు, ఒక్కో దళానికి ఏడాదికి ఒక వరస చొప్పున మొత్తం 200 వరసలు. అందులో 109 వరసల్లో ఒక్క చావూ లేదు. 65 వరసల్లో ఒకటి, 22లో రెండు, 3లో మూడు, 1లో నాలుగు. మొత్తం 122 చావులు, సగటు 0.61.

ఇప్పుడు సూత్రం నుంచి కడదాం. సున్నాకి సంభావ్యత: గణితంలో ‘ఇ’ అని పిలిచే స్థిరసంఖ్య 2.718ని రుణ 0.61 ఘాతానికి ఎత్తితే సుమారు 0.543. 200తో గుణిస్తే 108.7. తర్వాతి పదం కావాలంటే ముందుదాన్ని 0.61తో గుణించి 1తో భాగించండి, 66.3 వస్తుంది. మళ్ళీ 0.61తో గుణించి 2తో భాగిస్తే 20.2. ఆ తర్వాత 3తో భాగించాలి, 4.1. అసలు అంకెలు 109, 65, 22, 3. ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి. సైన్యంలో ఏ సైనికుడు ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు, కానీ ఎన్ని వరసల్లో సున్నా పడుతుందో దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

పాయిజాన్‌కి ఒక గుర్తుంది: మధ్యమం, విస్తృతి రెండూ సమానం. కాబట్టి వాడేముందు మీ నోటుపుస్తకంలో ఆ రెండూ పోల్చండి. మన రొయ్యలకి మధ్యమం 2.64, విస్తృతి 1.79. విస్తృతి కాస్త తక్కువుంది. 50 సాయంత్రాలతో గట్టిగా తేల్చి చెప్పలేం, అనుమానం మాత్రం పెట్టుకోవాలి. విస్తృతి తగ్గడానికి ఒక కారణం రోజూ వచ్చే ఖాతా మనుషులు కావచ్చు. వాళ్ళు తప్పకుండా వస్తారు కాబట్టి ఆ మేరకు ఒడుదొడుకులు తగ్గుతాయి. దీనికి ఎదురుగా, విస్తృతి మధ్యమం కన్నా బాగా ఎక్కువ వచ్చిందంటే, వేర్వేరు రకాల రోజుల్ని ఒకే పట్టికలో కలిపేశారేమో చూడండి.

రొయ్యల విషయంలో ఇది మరీ ముఖ్యం. శనివారం నీచు ముట్టనివాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది. కార్తీక మాసమంతా మానేసేవాళ్ళూ ఉన్నారు. ఆదివారం అడిగేవాళ్ళు మంగళవారం అడగరు. కాబట్టి నోటుపుస్తకంలో తేదీ పక్కన వారం కూడా రాయించండి. ఆదివారాలకి ఒక పట్టిక, శనివారాలకి ఒకటి, మిగతా రోజులకి ఒకటి కట్టండి. ప్రతి పట్టికలోనూ ‘కనీసం ఇంతమంది’ వరస రాసి, 140ని 220తో భాగిస్తే వచ్చే 0.636తో పోల్చండి. ఏ డబ్బా సంభావ్యత దానికన్నా ఎక్కువుంటే ఆ డబ్బా వండాలి, తగ్గిన చోట ఆపెయ్యాలి. 50 సాయంత్రాల్లో ఆదివారాలు ఏడో ఎనిమిదో వస్తాయి, అంత కొద్ది రోజులతో పట్టిక నిలకడగా ఉండదు. కనీసం ఇంకో నాలుగైదు నెలలు గీతలు గీయనిచ్చి, అప్పుడు ఆదివారం లెక్క తియ్యండి.